ధరావతు కోల్పోయినవారికి చోటెక్కడ?

తాడికొండ నియోజకవర్గంలో ఓటు వేయబోయిన తుళ్లూరు ఓటరు ఎదుట యంత్రం మీద పేర్లు ఒక క్రమంలో ఉంటాయి. గుర్తింపు పొందిన జాతీయ, రాష్ట్ర పార్టీల అభ్యర్థులు మొదట, రిజిస్టరు మాత్రమే అయిన చిన్న పార్టీల అభ్యర్థులు తరువాత, ఏ పార్టీకీ చెందని స్వతంత్రులు చివర. ఈ వరుస ఎవరి ఇష్టాన్ని బట్టీ వచ్చినది కాదు, చట్టం నిర్ణయించినది. పైనున్న రెండు మూడు పేర్లలో తనకు కావలసినదానిని వెదకి మీట నొక్కి వచ్చే ఓటరు చూపు క్రిందివరకు దిగడం అరుదు. లెక్కింపు ముగిసిన మరునాడు ఆ క్రింది పేర్లు పత్రికలలో సైతం కానరావు. ‘ఇతరులు’ అన్న ఒక్క మాటలో అందరూ కలిసిపోతారు.

ఈ ‘ఇతరులు’ కొద్దిమంది కారు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్నికలలో 175 శాసనసభ స్థానాలకు 2,387 మంది పోటీ చేసినారు. స్థానానికి ఒకరు చొప్పున గెలువగా మిగిలినవారు 2,212 మంది. వీరిలో పెద్ద పార్టీల తరఫున నిలిచి ఓడినవారు కొందరైతే, చిన్న పార్టీల పేరనో, స్వతంత్రంగానో నిలిచినవారు ఎందరో. వీరందరికీ అంతర్జాలంలోని విజ్ఞాన సర్వస్వంలో వేరు వేరు పుటలు ఉండదగునా, లేక గెలిచినవారికే ఆ చోటు పరిమితం కావలెనా అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనుపించవచ్చును. కాని పాఠశాల విద్యార్థి నేడు ఏ విషయం తెలుసుకొనదలచినా మొదట తెరిచేది ఆ సర్వస్వాన్నే. అక్కడ ఉన్నదే ఉన్నదనీ, లేనిది జరుగనే లేదనీ అతడు నమ్మే ప్రమాదం ఉన్నది. కాబట్టి ఎవరికి పుట ఉండవలెనన్న ప్రశ్న రాబోయే తరం దేనిని చరిత్రగా ఎరుగునన్న ప్రశ్నయే అవుతున్నది.

తెలుగువారికి విజ్ఞాన సర్వస్వమన్న భావన కొత్తది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని నూరేళ్లు దాటినది. ఆయన 1923లో కన్నుమూసే నాటికి మూడు సంపుటాలు వెలువడినా శీర్షికలు మొదటి అక్షరం దాటి ఎంతో దూరం పోలేదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని తలకెత్తుకున్నారు. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయాల వారీగా సంపుటాలు ప్రకటించినది. ఆ పెద్దలందరికీ కాగితం, అచ్చు, ధనం, కాలం ఇవన్నీ కొరతలే. ఒక శీర్షిక చేర్చవలెనంటే మరొకదానిని తగ్గించవలసి వచ్చేది. అందువల్ల ఎవరిని చేర్చవలెనో, ఎవరిని వదలవలెనో నిర్ణయించే భారం సంపాదకుని మీద ఉండేది. ఆ నిర్ణయానికి ఆయన పాండిత్యమే ప్రమాణం.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైన తరువాత ఈ స్థితి తలక్రిందులైనది. సంపాదకుడన్న ఒక్క వ్యక్తి లేడు. వ్రాయదలచిన ప్రతివాడూ వ్రాయవచ్చును, ఒకరు వ్రాసినదానిని మరొకరు దిద్దవచ్చును. వ్యాసాల సంఖ్య నేడు లక్ష దాటినది. తుళ్లూరుకు పుట ఉన్నది. రాయపూడి, మందడం, వెలగపూడి, నేలపాడు వంటి ఊళ్లకు పుటలున్నాయి. ఇది చూచిన విద్యార్థికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. ఊరికి పుట ఉన్నప్పుడు ఆ ఊరినుంచి ఎన్నికలలో నిలిచిన మనిషికి ఎందుకు ఉండకూడదు? కాగితం ఖర్చు లేదు కదా, అందరికీ చోటిస్తే పోయేదేమున్నది?

ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయ వీలులేదు. చిన్న పార్టీల వారి ఫిర్యాదులో న్యాయం కొంత ఉన్నది. పెద్ద పార్టీల అభ్యర్థి తుమ్మినా పత్రికలో వార్త అవుతుంది. చిన్న పార్టీ అభ్యర్థి ఊరూరా తిరిగి సాగునీటిని గురించో, కౌలు రైతును గురించో మాట్లాడినా జిల్లా పుటలో నాలుగు పంక్తులు పడడం కష్టం. పత్రికలలో వ్రాత లేనందువల్ల సర్వస్వంలో పుట లేదు; సర్వస్వంలో పుట లేనందువల్ల అతనిని ఎవరూ ఎరుగరు; ఎవరూ ఎరుగనందువల్ల వచ్చే ఎన్నికలలోనూ పత్రికలు పట్టించుకొనవు. ఉన్నవానికే మరింత, లేనివానికి ఉన్నదీ పోవడమన్న లోకరీతి విజ్ఞాన లోకంలోనూ సాగవలెనా అని వారు అడుగుతారు.

పార్టీలలో చిన్న, పెద్ద అన్న భేదం శాశ్వతం కాదన్నది వారి రెండవ వాదం. ఇదీ కాదనరానిదే. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారానికి వచ్చినది. 2019లో ఒక్క శాసనసభ స్థానం మాత్రమే గెలుచుకున్న జనసేన 2024లో పోటీ చేసిన 21 స్థానాలూ గెలుచుకున్నది. మరొకవైపు, 1959లో ఆచార్య రంగా తొలి అధ్యక్షునిగా ఆరంభమై, 1962 లోక్‌సభ ఎన్నికలలో 18 స్థానాలు గెలిచిన స్వతంత్ర పార్టీ 1974 నాటికి వేరొక పార్టీలో కలిసి మాయమైనది. తాడికొండలోనే 1994లో కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి గెలిచినాడు. నేడు ఆ పార్టీ అక్కడ చిన్న పార్టీల వరుసలోనే ఉన్నది. కనుక పార్టీ కొలతను బట్టి మనిషిని కొలిచే పద్ధతి నిలువదు.

అయితే పార్టీ పెద్దదా, చిన్నదా అని చూచి పుట ఇవ్వడం గాని మానడం గాని సర్వస్వపు నియమం కాదు. ఈ సంగతి తెలియకనే చాలా వివాదం జరుగుతున్నది. ఆంగ్ల వికీపీడియాలో ఏర్పడి, ఇతర భాషలవారు కూడా ఇంచుమించుగా అనుసరిస్తున్న పద్ధతి ఇది: శాసనసభకో, పార్లమెంటుకో ఎన్నికైనవారికి ఆ పదవిని బట్టి ప్రాముఖ్యం ఉన్నదని భావిస్తారు. ఎన్నికలలో అభ్యర్థిగా నిలిచినందువల్ల మాత్రమే ప్రాముఖ్యం సిద్ధించదు. అయితే ఆ మనిషిని గురించి అతనితో సంబంధం లేని నమ్మదగిన రచనలలో వివరమైన ప్రస్తావన ఉంటే, గెలిచినా ఓడినా పుటకు అర్హత ఉన్నది. అనగా పార్టీ ప్రశ్న లేదు, ఓట్ల ప్రశ్న లేదు. ఇతరులు వ్రాసి ఉంచిన ఆధారమున్నదా అన్నదే ప్రశ్న.

ఈ గీటురాయి మీద చరిత్రలోని కొందరు పరాజితులను పరీక్షించి చూడవచ్చును. 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో ఉత్తర బొంబాయి నుంచి షెడ్యూల్డు కులాల ఫెడరేషను తరఫున డాక్టరు అంబేద్కరు పోటీ చేసి ఓడిపోయినారు. నాటి కొలతలో అది చిన్న పార్టీయే. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన మహనీయుడు ఒక చిన్న పార్టీ అభ్యర్థిగా పరాజయం పొందినాడని వినిన విద్యార్థి నివ్వెరపోవచ్చును. ఆయనను ఓడించిన నారాయణ కజ్రోల్కరు పార్లమెంటు సభ్యుడైనాడు. పదవిని బట్టి ఆయనకూ సర్వస్వంలో చోటున్నది. కాని ఆ పేరు నేడు ఎవరి నోటనైనా వినవస్తే అది అంబేద్కరును ఓడించినవాడన్న ప్రసంగంలోనే.

అదే ఎన్నికలలో టంగుటూరి ప్రకాశం పంతులు కాంగ్రెసును వీడి ప్రజాపార్టీ పక్షాన నిలిచి మద్రాసు నగరంలో ఓడిపోయినారు. రెండేళ్లు తిరుగకముందే, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రానికి ఆయన తొలి ముఖ్యమంత్రి అయినారు. నేడు ఒక జిల్లా ఆయన పేరనే ఉన్నది. గెలుపును కొలమానంగా పెట్టుకున్నవాడు 1952లో ఆ పుటను మూసివేసి ఉండేవాడు. అయితే ప్రకాశం ప్రాముఖ్యం ఆ ఓటమితోనూ రాలేదు, తరువాతి పదవితోనూ రాలేదు. అంతకు ముందే ఆయన జీవితం ప్రజాజీవితంతో అల్లుకొని పోయి ఉన్నది.

ఈ ఇద్దరూ దేశమంతటా తెలిసినవారు కదా, వారితో సామాన్య అభ్యర్థులకు పోలికేమిటని అడుగవచ్చును. తాడికొండ గడ్డ మీది ఉదాహరణే తీసుకొనవచ్చును. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం స్థాపించవలెనని కోరుతూ 1966 అక్టోబరు 15న ఆ నగరంలో నిరాహార దీక్ష పూనిన తమనంపల్లి అమృతరావు ఈ ప్రాంతపు మనిషి. కృష్ణాతీరాన పుట్టినవాడు నాలుగు జిల్లాలు దాటి సముద్రతీరాన ఆకలితో కూర్చున్నాడు. ఆయన దీక్ష రాష్ట్రమంతటా ఉద్యమమై వ్యాపించినది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినాయి. నవంబరు 3న దీక్ష ముగిసినది. 1970 ఏప్రిల్‌లో కేంద్రం కర్మాగారాన్ని ప్రకటించినది. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. అమృతరావు 1978లో తాడికొండనుంచి శాసనసభకు ఎన్నికైనారు. ఎన్నికైన సభ్యుడుగా ఆయనకు సర్వస్వంలో చోటు ఉండనే ఉన్నది. కాని ఒకవేళ ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయి ఉంటే? లేదా అసలు పోటీయే చేయకపోతే? అప్పుడైనా ఆయన పుట లేని సర్వస్వం కుంటిదే అయ్యేది. ఎందుకనగా ఆయన పేరు తీసివేసి విశాఖ ఉక్కు చరిత్రను ఎవరూ వ్రాయలేరు.

ఇక్కడనే అసలు కొలత దొరుకుతున్నది. ఒక మనిషి పేరు తొలగించినప్పుడు ఏదో ఒక ఉద్యమ చరిత్ర, ఒక ప్రాంత చరిత్ర, ఒక భావ చరిత్ర కుంటుపడితే ఆ మనిషికి పుట ఉండవలెను. తొలగించినా ఏమీ తక్కువ కాకపోతే వేరుగా పుట అక్కరలేదు. ఇందులో గౌరవాగౌరవాల ప్రసక్తి లేదు. సర్వస్వంలో పుట ఉండడం సన్మానపత్రం కాదు, లేకపోవడం అవమానమూ కాదు. నిజాయితీగా బ్రతికిన లక్షలాది ఉపాధ్యాయులకు, రైతులకు, వైద్యులకు అందులో పుటలు లేవు. పేరుమోసిన దొంగలకు ఉన్నాయి.

మరి ఒక్కొక్కరుగా చూస్తే ఎవరి పేరూ నిలువకపోయినా, అందరూ కలిసినప్పుడు చరిత్ర అయిన అభ్యర్థుల సంగతి ఏమిటి? తెలుగునాట అటువంటి సందర్భాలు రెండు ఉన్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసినారు. త్రాగునీటిలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగి, పండ్లు గారలు కట్టి, తరాల తరబడి బాధపడుతున్న పల్లెల గోడు ఢిల్లీకి వినిపించడానికి నామినేషను పత్రాన్నే ఆయుధం చేసుకొనడం ఆ పోటీలోని అంతరార్థం. కాగితపు బ్యాలెట్టు కాలం కనుక ఓటుపత్రం పుస్తకమంత అయినది. ఆ ఏడే చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి చెల్లించవలసిన ధరావతును 500 రూపాయలనుంచి 10,000 రూపాయలకు పెంచినారు. గుర్తింపు లేని పార్టీల అభ్యర్థికీ, స్వతంత్రునికీ పదిమంది ప్రతిపాదకులు ఉండవలెనన్న నియమం వచ్చినది.

2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది నిలిచినారు. వారిలో 178 మంది రైతులు. పసుపునకు బోర్డు, పసుపునకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర వారి కోరికలు. ఒక్కొక్క ఓటు వద్ద 12 బ్యాలెట్టు యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చినది. నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైనది. దుగ్గిరాల పసుపు మార్కెట్టునూ, గుంటూరు మిర్చి యార్డునూ ఎరిగిన గుంటూరు సీమ రైతుకు ఈ కథ పరాయిది కాదు. ధర పడిపోయిన ఏడు యార్డు ఎదుట నిలిచిన బండ్ల వరుస అతనికి తెలిసినదే.

ఈ 480 మందికి 480 పుటలు, ఆ 178 మందికి 178 పుటలు వ్రాసినందువల్ల విద్యార్థికి కలిగే జ్ఞానమేమిటి? పేరు, వయస్సు, ఊరు, వచ్చిన ఓట్లు అని ఒక్కటే నాలుగు పంక్తులు వందలసార్లు చదువవలసి వస్తుంది. వారు చేసిన పనిలోని గొప్పతనం ఆ ముక్కలలో కనబడదు. అందరూ కలిసి చేసినదానిని ఒకే వ్యాసంలో, ఫ్లోరైడు సమస్య ఎప్పటినుంచి ఉన్నది, ఎవరు కూడగట్టినారు, ఎన్నికల యంత్రాంగం ఏమి ఇబ్బంది పడినది, చట్టం ఎట్లు మారినది, సమస్య ఎంతవరకు తీరినది అని వివరించినప్పుడు ఆ సామాన్యులకు నిజమైన స్మారకం ఏర్పడుతుంది. మనిషికి పుట లేదనడం ఆ మనిషి చేసిన పనికి చోటు లేదనడం కాదు. ఈ తేడాను బోధించగల ఉపాధ్యాయుడు చరిత్ర రచనలోని మొదటి పాఠం చెప్పినట్లే.

అందరికీ పుటలివ్వవలెనన్నవారు మరచే రెండవ వైపు ఒకటున్నది. అంతర్జాలంలో కాగితం కొరత లేదు, నిజమే. కొరత అంతా సరిచూచే కన్నులది. జీవించి ఉన్న మనిషిని గురించిన ప్రతి పుటకూ కాపలా కావలెను. ప్రత్యర్థి ఒక రాత్రి వచ్చి ఆ పుటలో లేని కేసు వ్రాసిపోవచ్చును. అభిమాని వచ్చి లేని బిరుదు తగిలించిపోవచ్చును. పదిమంది చదివే పుటలో తప్పును ఎవరో ఒకరు గంటలో దిద్దుతారు. ఎవరూ చూడని పుటలో ఆ తప్పు ఏళ్ల తరబడి నిలిచి, ఉద్యోగానికి పోయిన చోటా, పిల్లకు సంబంధం చూచే చోటా ఆ సామాన్యుని వెంటాడుతుంది. ఒకసారి ఎన్నికలలో నిలిచి, ఓడి, తిరిగి పొలం పనికో అంగడికో పోయిన మనిషికి తన బ్రతుకు తాను బ్రతికే హక్కు ఉన్నది. పుట లేకపోవడం కొన్ని వేళల అతనికి రక్షణ.

ప్రచార ప్రమాదం వేరే. శాసనసభ అభ్యర్థికి ధరావతు, జనం నోట డిపాజిట్టు, 10,000 రూపాయలు; షెడ్యూల్డు కులాల, తెగల వారికి 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరవ వంతు రాకుంటే అది ప్రభుత్వానికి పోతుంది. నామినేషను వేసినంతమాత్రాన పుట లభిస్తుందన్న నియమమే ఉంటే ఆ 5,000 లేక 10,000 రూపాయలు విజ్ఞాన సర్వస్వంలో ప్రవేశ రుసుమై కూర్చుంటుంది. వ్యాపార ప్రకటన కంటె అది చౌక. పోటీయే చేయని పార్టీలు ఎన్నో పేరుకు మాత్రం రిజిస్టరై ఉండగా, 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను తన జాబితానుంచి తొలగించినది. కాగితం మీది పార్టీకి, ప్రజలలో నడిచిన పార్టీకి భేదం లేకుండా పుటలు పంచిపెడితే నష్టపోయేది నిజంగా శ్రమించిన చిన్న పార్టీయే. మేలిమి కాసుల మధ్య చెల్లని కాసులు కలిపినప్పుడు అన్నింటినీ అనుమానించవలసి వస్తుంది.

ఇంతమాత్రాన ఇప్పటి పద్ధతి నిర్దోషమని చెప్పరాదు. 2018లో భౌతికశాస్త్రంలో నోబెలు బహుమానం పొందిన డోనా స్ట్రిక్‌లాండు పేర ఆంగ్ల వికీపీడియాలో ఒక పుట పెట్టబోగా, చూపిన ఆధారాలు ప్రాముఖ్యాన్ని నిరూపించుటకు చాలవని ఆ సంవత్సరం మేలో త్రిప్పివేసినారు. అక్టోబరు 2న బహుమానం ప్రకటించేనాటికి ఆమెకు పుట లేదు. ఆమెకు ఆ బహుమానం తెచ్చిన పరిశోధన 1985 నాటిది. మూడు దశాబ్దాలకు పైబడి ఆమె పని శాస్త్రజ్ఞులకు తెలిసియున్నా, ఆమెను గురించి ఇతరులు వివరంగా వ్రాసినది తక్కువ. ఆ నింద అంతా త్రిప్పివేసినవాని మీద మోపడం సులభం. కాని లోపం మరింత వెనుక ఉన్నది. వ్రాయవలసినవారు సకాలంలో వ్రాయలేదు. ప్రపంచప్రసిద్ధమైన విశ్వవిద్యాలయాల మధ్య పనిచేసిన శాస్త్రవేత్తకే ఈ గతి పట్టినప్పుడు తుళ్లూరు మండలంలో చిన్న పార్టీ జెండా పట్టుకొని తిరిగినవాని సంగతి చెప్పవలెనా?

కాబట్టి చిన్న పార్టీల అభ్యర్థులకు జరుగుతున్న అన్యాయం సర్వస్వపు గుమ్మం వద్ద మొదలుకాలేదు. అది ఊళ్లో మొదలైనది. వారు ఏమి చెప్పినారో ఎవరూ వ్రాసి ఉంచలేదు; పంచిన కరపత్రం మరునాటికి మిరపకాయల పొట్లమైనది; జిల్లా అనుబంధంలో వచ్చిన వార్త పాతకాగితాల బండి ఎక్కినది. సర్వస్వం అద్దం వంటిది. ముఖం లేనిచోట అద్దం ముఖాన్ని పుట్టించలేదు. పిండి కొద్దీ రొట్టె అన్నట్లు ఆధారం ఎంతో పుట అంత. ఆధారాన్ని కూర్చడం మాని పుటను కోరడం విత్తనం వేయక పంటను కోరడమే.

ఈ సందర్భంలో తుళ్లూరు ప్రాంతానికి ఉన్న బాధ్యత తక్కిన ఊళ్ల కంటె ఎక్కువ. పత్తి, మిర్చి పండిన నల్లరేగడి, కూరగాయలూ అరటీ పండిన జరీబు భూములూ కలిసి 33 వేల ఎకరాలకు పైగా 2015లో రాజధాని కొరకు సమీకరణ అయినాయి. ఆ ఏడు అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగినది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చి రైతుల ఉద్యమం మొదలైనది. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినది. 2014, 2019, 2024 ఎన్నికలలో తాడికొండ ఓటరు ఒక పార్టీనుంచి మరొకదానికీ, తిరిగి మొదటిదానికీ మొగ్గినాడు. ఇవన్నీ పెద్ద పుటలకు ఎక్కినవే. కాని ఆ మూడు ఎన్నికలలో పట్టికల అడుగున ఉన్న అభ్యర్థులు భూమిలేని కూలీని గురించి ఏమన్నారు? కౌలుదారుకు ఏమి వాగ్దానం చేసినారు? రాజధాని అక్కరలేదన్నవారెవరు, మరింత భూమి కావలెనన్నవారెవరు, అసలు ఆ మాటే ఎత్తనివారెవరు? యాభై ఏండ్ల తరువాత ఈ నేల చరిత్ర వ్రాయబోయే విద్యార్థి ఈ ప్రశ్నలు తప్పక అడుగుతాడు. గెలిచినవారి ప్రసంగాలు అతనికి ఎక్కడైనా దొరుకుతాయి. ఓడినవారి మాటలు దొరకవలెనంటే ఎవరో ఒకరు ఇప్పుడే దాచవలెను.

దాచడమెట్లో ఈ మైదానాలకు తెలియని విద్య కాదు. 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం పాత పత్రికలను పదిలపరచినందువల్లనే నేటికీ దూరప్రాంతాలనుంచి పరిశోధకులు అక్కడికి వస్తున్నారు. ఒక పల్లెటూరి గ్రంథాలయం చేయగలిగిన పనిని ఒక ఉన్నత పాఠశాల తన కొలతలో చేయలేకపోదు. ప్రతి ఎన్నికలోనూ అన్ని పార్టీల కరపత్రాలనూ, ఎన్నికల ప్రణాళికలనూ తెచ్చి, దొరికిన తేదీ, ఊరు వ్రాసి ఒక పెట్టెలో భద్రపరచవచ్చును. పత్రికల జిల్లా పుటలలో వచ్చిన వార్తలను కత్తిరించి, పత్రిక పేరు, తేదీ వేసి అంటించవచ్చును. ఎన్నికల సంఘం ప్రకటించే లెక్కలలో ప్రతి అభ్యర్థికీ వచ్చిన ఓట్లు ఉంటాయి. 2013నుంచి ‘పైవారెవరూ కారు’ అన్న మీటకు పడిన ఓట్లూ ఉంటాయి. వాటిని తొలినుంచి నేటివరకు పట్టికగా వ్రాసి గోడకు తగిలిస్తే అంతకు మించిన పౌరశాస్త్ర పాఠం లేదు.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. విద్యార్థి పోగుచేసిన కరపత్రం నేరుగా సర్వస్వంలో మనిషి పుటకు ఆధారం కాజాలదు. అభ్యర్థి తన్ను గూర్చి తాను చెప్పుకున్నదే అందులో ఉంటుంది. దానిని పరిశీలించి, ఇతర సాక్ష్యాలతో పోల్చి, ఎవరైనా ఒక స్థానిక చరిత్ర గ్రంథంలోనో, పత్రికలోనో బాధ్యతతో వ్రాసి అచ్చు వేసినప్పుడు అది ఆధారమవుతుంది. అప్పుడు సర్వస్వం తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఈ మెట్లు ఎక్కే ఓపిక లేనివాడు చరిత్రకారుడు కాలేడు.

ఇక సర్వస్వం వ్రాసేవారు పాటించదగిన నీతి ఇది. ప్రతి నియోజకవర్గపు వ్యాసంలోనూ ఎన్నికల పట్టిక పూర్తిగా ఉండవలెను. మొదటి ఇద్దరి పేర్లు వేసి తక్కినవారిని ‘ఇతరులు’ అని తుడిచివేయరాదు. పది ఓట్లు వచ్చినవాని పేరూ అక్కడ ఉండవలెను, ఎందుకనగా అది పరిశీలనకు నిలిచే సత్యం. అతడు చట్టప్రకారం నిలిచినాడు, పదిమంది అతనిని నమ్మినారు. చిన్న పార్టీకి ఆధారాలున్నప్పుడు ఆ పార్టీ పేర వ్యాసం ఉండి, అందులో దాని అభ్యర్థుల కృషి చెప్పవలెను. మనిషి పేర వేరుగా పుట, అతనిని గురించి సంబంధం లేనివారు వివరంగా వ్రాసినప్పుడు మాత్రమే ఉండవలెను. ఈ కొలత పెద్ద పార్టీలో ఓడినవానికీ, చిన్న పార్టీలో ఓడినవానికీ ఒక్కటే కావలెను. గెలిచినవానికి పదవిని బట్టి పుట దక్కినా, పుట్టిన తేదీ, పార్టీ, ఆధిక్యం తప్ప మరేమీ లేని పుట అతని సేవను గాక సేవ లేమిని చాటుతుందని కూడా మరువరాదు.

తరగతిలో ఇది మంచి చర్చాంశం కాగలదు. ఉపాధ్యాయుడు తన నియోజకవర్గపు అభ్యర్థుల జాబితా ఒకటి పిల్లల ముందుంచి, ఎవరికి పుట ఉండవలెనో తేల్చుమని అడిగి చూడవచ్చును. మొదట వారు గెలిచినవానినే చూపుతారు. తరువాత తమ ఊరివానిని, తమ కులంవానిని, తమ తండ్రి మెచ్చినవానిని చూపుతారు. ఆధారమేమిటని అడిగినప్పుడు ఆలోచనలో పడతారు. అభిమానానికీ ఆధారానికీ నడుమ ఉన్న దూరాన్ని ఆ క్షణంలో గ్రహించిన విద్యార్థి రేపు ఓటరు అయినప్పుడు యంత్రం మీది పేర్లను పైనుంచి క్రిందివరకు చదువుతాడు. ప్రతి పేరు వద్దా నిలిచి, ఇతడు ఏమి చేసినాడని తన్ను తాను ప్రశ్నించుకుంటాడు.

ధరావతు పోయినవాడు తన డబ్బు మాత్రమే పోగొట్టుకున్నాడు. అతడు అన్న మాట పోయిందా, నిలిచినదా అన్నది అతని ఊరివారు, ముఖ్యంగా ఆ ఊరి బడి, తేల్చవలసిన విషయం.